గండిపేట ఎందుకు కట్టారో మర్చిపోయాక

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోలేరని పాత మాట. ఇప్పుడు నగరంలో ఎక్కువమంది తాగేది కృష్ణా నీళ్లో గోదావరి నీళ్లో. అయినా ఆ మాట మాత్రం పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. గండిపేట అనగానే అందరికీ తాగునీరే గుర్తొస్తుంది. కానీ ఆ జలాశయాన్ని మొదట తలపెట్టింది వరదను ఆపడానికి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ కట్టడాలను కట్టడి చేసిన ప్రభుత్వ ఉత్తర్వు 111 జీవో. దాన్ని ఉంచాలా ఎత్తేయాలా అన్న గొడవ అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ వచ్చి దానిలో కలుస్తుంది. ఈ రెండింటి ఎగువన ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మామూలు రోజుల్లో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. కానీ 1908 సెప్టెంబర్ చివర్లో కురిసిన కుండపోతకు ఆ గొలుసే ఎదురు తిరిగింది. పై చెరువు కట్ట తెగి ఆ నీళ్లు కింది చెరువు మీద పడితే దాని కట్టా తెగింది. తర్వాత లెక్క చూస్తే మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. సెప్టెంబర్ 28న నగరంలోకి వచ్చిన ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని లెక్క కట్టారు. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి లాంటి పేటలు ఊడ్చుకుపోయాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది దాకా ఉంటారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి, అదే ఏడాది అక్టోబర్‌కల్లా నివేదిక ఇచ్చారు. నగరం మధ్య గోడలు ఎత్తు పెంచి ఊరుకుంటే చాలదని, వరదను నగరానికి పైనే పట్టుకోవాలని, అందుకు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని అందులో చెప్పారు. నివేదిక ఇచ్చి మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. 1911లో మహబూబ్ అలీఖాన్ చనిపోయారు. పిలిపించిన రాజూ లేడు, సలహా ఇచ్చిన ఇంజనీరూ లేడు. ఫైలు అటకెక్కడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది? కానీ ఎక్కలేదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1913లో మూసీ మీద పని మొదలై 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. గండిపేట అని మనం పిలిచేది దాన్నే. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. అంటే వరద వచ్చిన 19 ఏళ్లకు గానీ మొత్తం పని అవలేదు. ఆ మధ్యలో అంత పెద్ద వరద మళ్లీ రాలేదు. ‘ఇంక ఎందుకులే ఈ ఖర్చు’ అని ఎవరైనా అనగలిగేవారు. అన్నా కూడా పని ఆగలేదు.

ఇక్కడో మెలిక ఉంది. వరదను పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీటికైతే నిండుగా ఉండాలి. రెండు పనులూ ఒకే చెరువుకు అప్పగిస్తే, రోజూ కళ్లబడే పనే గెలుస్తుంది. గండిపేట నీళ్లు పంపులతో పని లేకుండా పల్లం వాటంగానే నగరానికి వచ్చేవి. వరద ఏ తరానికో ఒకసారి వచ్చేది. నల్లా రోజూ తిప్పేది. అలా గండిపేట మంచినీళ్ల చెరువైపోయింది.

ఆ తర్వాత ఊరు పెరిగింది. 1965లో మంజీరా, 1990ల మొదట్లో సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి. నీళ్లు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, కరెంటుతో ఎత్తిపోసుకుంటే తప్ప రాని స్థితికి చేరాం. జంట జలాశయాల చుట్టూ కూడా లేఅవుట్లు, పరిశ్రమలు వస్తుండటంతో 1994 మార్చిలో 192 జీవో, దాన్ని సవరిస్తూ 1996 మార్చి 8న 111 జీవో వచ్చాయి. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కట్టకూడదన్నది దాని సారం. దాదాపు 1,32,000 ఎకరాలు దాని కిందికి వచ్చాయి.

జీవో ఇచ్చిన ప్రభుత్వమే దానికి కన్నం పెట్టబోయింది. శంషాబాద్ మండలంలో ఒక నూనెల కర్మాగారానికి మినహాయింపు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999లోనూ, 2000 డిసెంబర్‌లోనూ ఇచ్చిన తీర్పుల్లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం ముందుజాగ్రత్త సూత్రాన్ని నిలబెట్టింది. కాలుష్యం వస్తుందని జనం నిరూపించనక్కర్లేదు, రాదని కట్టేవాడే నిరూపించాలి. అందరికీ నిషేధం ఉన్నచోట ఒక్కరికి మినహాయింపు చెల్లదు. దేశంలో పర్యావరణ కేసులు వాదించే లాయర్లు ఇప్పటికీ ఈ తీర్పును తీస్తారు.

అయితే 84 ఊళ్ల రైతుల వైపు నుంచి చూస్తే కథ ఇంత అందంగా ఉండదు. 2008లో శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే మొయినాబాద్, చేవెళ్ల రైతు భూమికి ఆ రేటు రాలేదు. జలాశయాల నీళ్లు పాడవకుండా ఉండటానికి భూమిని ఖాళీగా ఉంచమని చెప్పినవాళ్లు, అలా ఉంచినందుకు ఏం ఇస్తారో చెప్పలేదు. డబ్బున్నవాళ్లు చవగ్గా కొని ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నారు. జీవో ఎత్తేయమని ఊళ్లు అడిగాయంటే వాళ్లను తప్పుపట్టడం నాకు సబబు అనిపించదు. విశ్వేశ్వరయ్య పథకానికి డబ్బు ఖజానా పెట్టింది. 111 జీవో ఖర్చు మాత్రం రైతు నెత్తిన పడింది. దూరపు ఆలోచనలు చేసేవాళ్లు ఎక్కువగా దాటేసేది ఈ లెక్కనే.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 జీవోతో ఆంక్షలు తీసేస్తున్నట్టు చెప్పింది. నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టింది. చెప్పిన ప్రధాన కారణం, నగరానికి కావలసిన నీళ్లలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదని. 2023 మేలో మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. తాగునీటి లెక్క సరైనదే కావచ్చు. కానీ 1909 నివేదిక పుట్టింది తాగునీటి కోసం కాదు. ఉస్మాన్‌సాగర్‌లో 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో 2.97 టీఎంసీలు పడతాయి. అక్కడికి ఎంత వరద ఎంత వేగంగా వస్తుందో పైనున్న నేల తేలుస్తుంది. పొలంలో పడ్డ వాన కొంత ఇంకుతుంది, కొంత నిదానంగా పారుతుంది. సిమెంటు మీద పడ్డ వాన గంటల్లో దిగుతుంది. అప్పటికే నిండుగా ఉన్న చెరువు దగ్గర గేట్లెత్తడం తప్ప దారి ఉండదు. 1.25 శాతం అన్న లెక్కలో ఇదంతా ఎక్కడా కనిపించదు.

2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు, పల్లె చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగినప్పుడు, 1908 నాటి గొలుసు కథ చిన్న కొలతలో మళ్లీ జరిగింది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తారు. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. పండక్కి ఊళ్లకు బయల్దేరినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. ఆ బస్ స్టేషన్ ఉన్నది మూసీ నడుమ ఇమ్లీబన్‌లో. ఇమ్లీబన్ అంటే చింతతోపు. అక్కడ బస్ స్టేషన్ వచ్చింది 1994లో, 192 జీవో వచ్చిన ఏడాదే.