గుండ్రటి క్రోషెలో (హుక్‌తో చుట్టూ అల్లే దారపు అల్లికలో) రంగు మార్చడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: కొత్త రంగు ఏ కుట్టులో కనిపించాలో, ఆ కుట్టు దగ్గరే దారం మార్చాలి.

వాస్తవం: అప్పటికే ఆలస్యమైపోయినట్టు. హుక్ మీద మిగిలిన లూపే తర్వాతి కుట్టు తలభాగంలోకి చేరుతుంది. అందుకే దానికి ముందరి కుట్టు పూర్తవకుండానే, హుక్ మీద చివరి రెండు లూపులు ఉండగా పాత దారం వదిలేసి, కొత్త దారం చుట్టి లాగాలి. సింగిల్ క్రోషె (పొట్టి కుట్టు) అయినా డబుల్ క్రోషె (పొడవు కుట్టు) అయినా ఇంతే. ప్రతి రౌండునూ (ఒక పూర్తి చుట్టును) చివర, దాదాపు ఎత్తు లేని అతుకు కుట్టైన స్లిప్ స్టిచ్‌తో కలిపే పద్ధతిలోనైతే ఆ స్లిప్ స్టిచ్‌నే కొత్త రంగుతో లాగండి.

అపోహ: చేయి తిరిగితే రంగు మారినచోట మెట్టు (చార అంచులో ఎగుడుదిగుడు) పడదు.

వాస్తవం: ఎంత చేయి తిరిగినా పడుతుంది. రౌండు చివర కలపకుండా అల్లుకుంటూ పోయే పని నిజానికి వలయాలు కాదు, స్ప్రింగులా పైకెక్కే ఒకే చుట్టు. రౌండు చివరి కుట్టు మొదటి కుట్టు కంటే ఒక వరస ఎత్తులో ఆగుతుంది. మెట్టు అక్కడే పుడుతుంది. దాన్ని తగ్గించే చిట్కా ఉంది: కొత్త రంగులో మొదటి కుట్టును సింగిల్ క్రోషెకు బదులు స్లిప్ స్టిచ్‌గా వేయండి. కాస్త వదులుగా వేయాలి సుమా, లేకపోతే తర్వాతి రౌండులో హుక్ దూరదు. ఆ రౌండులో దాన్ని మామూలు కుట్టుగానే లెక్కపెట్టి అందులో అల్లండి. మెట్టు పూర్తిగా పోదు, కానీ కంటికి ఆనదు.

రౌండు రౌండుకీ కలిపితే మెట్టు ఉండదు, బదులుగా అతుకు గీత వస్తుంది. అదీ నిట్టనిలువుగా ఉండదు. అల్లికను వెనక్కి తిప్పకుండా అల్లితే కుడిచేతి వాళ్లకు కుడివైపు ఒరుగుతూ పోతుంది. బొమ్మకైనా టోపీకైనా రౌండు మొదలయ్యే చోటును వీపువైపు పెట్టుకోవడమే నా దృష్టిలో అసలైన నేర్పు.

అపోహ: దారం కొసకు ముడి వేయకపోతే ఊడిపోతుంది.

వాస్తవం: సుమారు 15 సెంటీమీటర్ల కొస వదిలి, సూదితో ఒకసారి అటు, ఒకసారి ఇటు దూర్చితే చాలు. దూది కూరే బొమ్మ లోపలైతే ముడి వేసుకోండి, ఎవరు చూడొచ్చారు!

అపోహ: చారచారకీ దారం తెంచాల్సిందే.

వాస్తవం: ఒకటి రెండు రౌండ్ల సన్న చారలకు అక్కర్లేదు. పాత దారాన్ని లోపలివైపు నుంచి పైకి తెచ్చుకోవచ్చు. బిగించి లాగితే మాత్రం ఆ చోట అల్లిక ముడుచుకుపోతుంది. వెడల్పు చారలకు తెంచడమే మేలు. ముదురు దారాన్ని లేతరంగు కుట్ల మధ్యలో దాచి తీసుకెళ్తే నీడలా బయటికి కనిపిస్తుంది, తెలుపు మీదైతే మరీనూ.