ఎర్ర లైటు రాలేదు కాబట్టి ఆయిల్ ఉన్నట్టేనా? ఆయిల్ కారే పాత బండ్ల మీద కొన్ని అపోహలు

పాత కారు, కింద కొంచెం ఆయిల్ కారుతుంది, ఆ సంగతి ఓనరుకూ తెలుసు. "లెవెల్ చూసుకుంటున్నారా?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: "లైటు రాలేదు కదండీ." ఇంజిన్ పట్టేసిన బండిని తాడు కట్టి లాక్కొచ్చినవాళ్లు కూడా ఇదే మాట అంటారు. అందుకే మిగతా అపోహలను గబగబా దాటేసి, ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఆయిల్ తగ్గితే ఎర్ర లైటు వెలుగుతుంది.

వాస్తవం: పాత బండ్లలో చాలావాటికి ఆ లైటు చూపించేది ప్రెషర్ ఒక్కటే. ఆయిల్ ఎంత ఉందో దానికి తెలియదు. ఇంజిన్ బ్లాకుకు ఓ చిన్న స్విచ్ బిగించి ఉంటుంది. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ల కిందికి పడిపోతేనే అది లైటు వెలిగిస్తుంది. రోడ్డు మీద మామూలుగా పరిగెడుతున్న ఇంజిన్‌లో ఆ ప్రెషర్ 3, 4 బార్ల దాకా ఉంటుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెను చాంబర్ అంటాం. చాంబర్‌లో 4 లీటర్లు ఉండాల్సిన చోట రెండున్నరే ఉన్నా, పంపు పీల్చుకునే మూతి ఆయిల్‌లో మునిగి ఉన్నంతసేపు ప్రెషర్ బాగానే వస్తుంది. మూతి తేలి పంపు గాలి పీల్చడం మొదలుపెట్టాకే పడిపోతుంది. అంటే ఆ లైటు వెలిగే సమయానికి బేరింగులకు ఆయిల్ అందడం లేదన్నమాట.

మొదట్లో అది నిలకడగా కూడా వెలగదు. గట్టిగా బ్రేకేసినప్పుడో, మలుపులోనో మిగిలిన ఆయిల్ ఓ పక్కకు ఒరిగి, ఒక్క క్షణం మిణుక్కుమని ఆరిపోతుంది. దాన్ని చూసి "వైరు లూజై ఉంటుందిలే" అనుకునేవాళ్లే ఎక్కువ. వైరింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపి, ఆయిల్ లెవెల్ చూపించే స్టిక్ లాగండి.

ఒకాయన కారు గుర్తొస్తోంది. "లైటొచ్చి ఐదు నిమిషాలే అయిందన్నా, ఇల్లు దగ్గరే కదా అని వచ్చేశా" అన్నాడు. స్టిక్ తీస్తే కొసన తడి కూడా లేదు. ఆయిల్ పోశాక లైటు ఆరింది, ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కానీ కింద నుంచి టక టక చప్పుడు మాత్రం ఆగలేదు. చాంబర్ విప్పి, కనెక్టింగ్ రాడ్ బేరింగు తీసి ఆయన చేతిలో పెట్టాను. పైనుండాల్సిన బూడిద రంగు పూత అరిగిపోయి లోపలి రాగి ఎర్రగా కనిపిస్తోంది. గోటితో గీస్తే గాడి తగులుతోంది. క్రాంకుకూ (పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసు) ఆ బేరింగుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. ఆ సందులో ఆయిల్ పొర ఉన్నంతకాలం లోహం లోహానికి ఒరుసుకోదు. పొర పోయిన తర్వాత ఐదు నిమిషాలంటే చాలా ఎక్కువ. ఆయనేమీ నిర్లక్ష్యపు మనిషి కాదు పాపం, టైర్లలో గాలి క్రమం తప్పకుండా చూసుకునేవాడు. లైటును నమ్మాడు, అంతే.

ఇంతకీ ఆ లైటు అసలు పనిచేస్తోందా? తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డ్యాష్‌బోర్డు చూడండి. ఆయిల్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. ముందే వెలగలేదంటే బల్బైనా పోయి ఉంటుంది, వైరైనా తెగి ఉంటుంది. లైటు మాటిమాటికీ విసిగిస్తోందని ఎవరో స్విచ్ వైరు పీకేసిన బండ్లు కూడా నా దగ్గరికొచ్చాయి.

అపోహ: చుక్క కారిందంటే ఇంజిన్ పని అయిపోయినట్టే.

దీనికి భయపడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పొద్దున్నే బండి కింద రూపాయి బిళ్లంత మరక కనిపిస్తే చాలు, రాత్రి నిద్ర ఉండదు. పక్కింటాయన "అయ్యో, బోరు చేయించాలి" అని ఓ మాట అనేసి పోతాడు. బోరంటే అరిగిన సిలిండర్లను లోపల కోరి సరిచేయడం. ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, దాని ప్యాకింగు గట్టిపడి కారితే బోరు ఎందుకండీ? మిల్లీలీటరుకు 20 చుక్కలకు పైనే పడతాయి. ఒక లీటరు తగ్గాలంటే 20 వేల చుక్కలు కారాలి. రాత్రికి రెండు చుక్కలు కారే బండిని లెవెల్ చూసుకుంటూ ఏళ్ల తరబడి నడిపినవాళ్లున్నారు.

అలాగని నేల మీద చుక్కలు లేవు కాబట్టి నిశ్చింత అనీ అనుకోకండి. కొన్ని లీకులు ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ప్రెషర్ ఉన్నప్పుడే బయటపడతాయి. కారిందంతా రోడ్డు మీదే పోతుంది. ఇంకొన్ని ఇంజిన్లు కారవు, తాగేస్తాయి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఓసారి వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. బండి నడుస్తున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల మీద. బోరు మాట ఎత్తాల్సింది అక్కడ. నేల శుభ్రంగా ఉందా, మరకలున్నాయా అన్నది ఎలా ఉన్నా, నమ్మాల్సింది స్టిక్‌నే.

ఆ స్టిక్ చూడటంలోనే సగంమంది తడబడతారు. ఇంజిన్ ఆపగానే చూస్తే ఆయిల్ ఇంకా ఇంజిన్ పైభాగంలోనే ఉంటుంది, లెవెల్ తక్కువ చూపిస్తుంది. దాంతో టెన్షన్ పడి అర లీటరు పోసేస్తారు. ఏటవాలుగా నిలిపి చూసినా అంతే, లెక్క తప్పుతుంది. ఆపిన తర్వాత ఐదు పది నిమిషాలు ఆగాలి. కారే బండికైతే పొద్దున స్టార్ట్ చేయకముందు, సమతలంగా ఉన్న ఒకే చోట చూడటం నయం. కంపెనీ పుస్తకంలో ఇంజిన్ వేడి మీద చూడమని ఉంటే అలాగే చూడండి, కానీ ప్రతిసారీ ఒకేలా చూడండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోకండి. తుడిచి, అడుగుదాకా దింపి, మళ్లీ తీయండి. గొట్టం గోడలకు రాసుకుని ఒక పక్క తడి పైదాకా ఉంటుంది. రెండు వైపులా చూసి, ఏ వైపు తక్కువుందో దాన్ని నమ్మండి. కొత్త ఆయిల్ పల్చగా ఉండి గీత కనిపించకపోతే స్టిక్ కొసను టిష్యూ పేపర్ మీద ఆనించండి, అచ్చు పడుతుంది.

పాత బండ్లలో ఇంకో తంటా: స్టిక్ మీది గుర్తులే అరిగిపోయి ఉంటాయి, లేదా ఎవరో వేరే ఇంజిన్ స్టిక్ తెచ్చి దూర్చి ఉంటారు. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు పాతది పూర్తిగా దింపించి, పుస్తకంలో రాసినంత కొలిచి పోయించండి. కాసేపు నడిపి, ఆపి, పది నిమిషాలాగి ఆయిల్ ఎక్కడ నిలిచిందో చూసి, అక్కడ ఆకురాయితో సన్నగా గీత పెట్టించండి. ఆ బండికి అదే ఫుల్ మార్కు.

చూసిన ప్రతిసారీ కిలోమీటర్లు, లెవెల్ రెండూ రాసి పెట్టుకోండి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు. 1000 కిలోమీటర్లకు ఎంత తగ్గుతోందో తెలిస్తే ఎన్నాళ్లకోసారి పోయాలో తెలుస్తుంది. ఆ లెక్క ఉన్నట్టుండి రెట్టింపైతే లీకు పెద్దదైనట్టే, వెంటనే చూపించండి. లెవెల్ తగ్గకుండా పెరిగితే మరీ ప్రమాదం. లోపలికి పెట్రోలో, కూలెంటో దిగుతోందన్నమాట. అలాంటి బండిని అసలు నడపకండి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. "ఎలాగూ కారుతుంది కదా, కాస్త ఎక్కువే పోద్దాం" అనేది తప్పు. పై గీత దాటితే క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగులకు పొర నిలవదు. 200 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఆగి, చూసి మళ్లీ పోయండి. "చిక్కటి ఆయిల్ పోస్తే లీకు ఆగిపోతుంది" అంటారు. కాస్త నెమ్మదిస్తుందేమో గానీ ఆగదు. పైగా చలి పొద్దుల్లో పై భాగాలకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. "నల్లబడితే పాడైనట్టే" అనేది డీజిల్ ఇంజిన్ల విషయంలో ఉత్త మాట, అవి కొద్ది రోజుల్లోనే నల్లగా చేస్తాయి. "మాటిమాటికీ పోస్తున్నా కాబట్టి మార్చక్కర్లేదు" అనేవాళ్లు ఫిల్టర్ సంగతి మర్చిపోతున్నారు. బైకులవాళ్లకు ఒక్క మాట: సైడ్ స్టాండ్ మీద చూడకండి. చాలా బైకుల్లో స్టిక్‌ని స్క్రూలాగా తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

లీకును వాయిదా వేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడి పొగ, కాలిన వాసన వస్తుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. టైమింగ్ బెల్టు మీద, క్లచ్ ప్లేట్ల మీద పడుతున్నా ఆగొద్దు. సీల్ మార్చినా మళ్లీ అక్కడే కారుతుంటే మెకానిక్‌తో గొడవ పెట్టుకునే ముందు, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు విప్పించి చూడండి. అది మూసుకుపోతే ఇంజిన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి, ఎంత కొత్త సీల్ వేసినా ఆయిల్‌ని బయటికి నెట్టేస్తుంది.