రోహింగ్యా పిల్లల తరగతి గది: కొన్ని అపోహలు, వాస్తవాలు

మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాదులోని బాలాపూర్ పరిసర బస్తీల్లో ఉంటున్న రోహింగ్యా శరణార్థుల పిల్లలకు ప్రాథమిక తరగతుల పాఠాలు చెబుతున్న నాకు, తోటి ఉపాధ్యాయుల నుంచీ దాతల నుంచీ తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆధార్ లేకపోతే బడిలో చేర్చుకోకూడదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదని అందులోనే ఉంది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో, వారు ప్రభుత్వ బడులనే ఆశ్రయించవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: ఉర్దూ గడగడా మాట్లాడుతున్నారు కాబట్టి పాఠం అర్థమవుతోంది.

ఇక్కడ ఎక్కువమంది పొరపడతారు; మొదటి రెండేళ్లు నేనూ పొరపడ్డాను. రోహింగ్యా భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు మాటకు దగ్గరిది, ఉర్దూ ఈ పిల్లలు గల్లీలో ఆడుకుంటూ పట్టుకున్నది. తండ్రి వెంట పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్లి, కిలోల లెక్కన రావలసిన డబ్బును నోటితోనే తేల్చే పదేళ్ల పిల్లవాడు, తరగతిలో ‘తఫ్రీఖ్’ (ఉర్దూలో తీసివేత) చేయమనగానే నిలిచిపోయాడు. తీసివేత అతనికి ఎప్పుడో వచ్చు, ఆ మాటే తెలియదు. ‘సమఝ్ మే ఆయా?’ (అర్థమైందా?) అంటే తరగతి మొత్తం మర్యాదగా ‘జీ’ అంటుంది కనుక ఆ ప్రశ్న మానేసి, లెక్క ఎలా చేశారో పక్కవారికి తమ భాషలోనే చెప్పమంటున్నాను. వారి మాటలు నాకు పూర్తిగా అందకపోయినా, వేలు ఏ అంకె దగ్గర ఆగిందో కనిపిస్తుంది.

అపోహ: తరగతిలో ఇంటి భాషను రానిస్తే బడి భాష రాదు.

రోహింగ్యా భాష రాసే హనీఫీ రోహింగ్యా లిపి 2018లో యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అక్షరాలకు వాడే అంతర్జాతీయ ప్రమాణంలో) చేరినా, దాన్ని చదవగలిగిన పిల్లలు మా దగ్గర లేరు; రాత ఉర్దూలోనో తెలుగులోనో సాగక తప్పదు. అయినా అర్థం ముందు ఇంటి భాషలోనే కుదురుకుంటుంది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరాల అభ్యసన కేంద్రాల్లో బంగ్లాదేశీ ఉపాధ్యాయుల పక్కన రోహింగ్యా బోధకులను కూడా ఉంచింది ఊరికే కాదు.

అపోహ: అక్షరాలు రానివారిని ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టాలి.

విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతినీ, దానితోపాటు ప్రత్యేక శిక్షణనూ హక్కుగా ఇస్తోంది. పన్నెండేళ్ల అమ్మాయిని ఆరేళ్లవారి మధ్య కూర్చోబెడితే సిగ్గుతో బడి మానేస్తుంది. శిక్షణ లేకుండా ఏడో తరగతికి పంపితే చివరి బెంచీలో మౌనంగా ఉండిపోతుంది, హాజరు పట్టీలో మాత్రం ఏ లోపమూ కనబడదు.

అపోహ: కష్టాలు పడి వచ్చిన పిల్లలకు చదువు కంటే ఆప్యాయత చాలు.

ఆప్యాయతకు మా దగ్గర ఎన్నడూ కొరత లేదు, కానీ ఆప్యాయంగా వచ్చిన వాలంటీర్లు నాలుగు నెలలకే వెళ్లిపోతుంటారు. ఒక పిల్లవాడికి మూడేళ్లలో ముగ్గురు కొత్తవారు ఉర్దూ తొలి అక్షరాలైన ‘అలిఫ్, బే’ నుంచే మొదలుపెట్టారని తెలిశాక, ప్రతి బిడ్డకూ ఒక పేజీ కేటాయించి, ఏ లెక్క వచ్చో, ఏ మాట దగ్గర ఆగారో అందులో రాయిస్తున్నాం. వెళ్లేవారు ఆ పుస్తకాన్ని వచ్చేవారి చేతికిచ్చి, ఒక రోజంతా పక్కన కూర్చున్నాకే సెలవు తీసుకోవాలి.