కంచంలోకి రాకముందే ఆలోచించాలి బిడ్డా

పిల్లలూ,

చిన్నోడు మొన్న ఫోన్‌లో నన్నొక ప్రశ్న అడిగాడు. "తాతా, నేను కంచంలో అన్నం వదిలేస్తే ఎంతమందికి తిండి దొరకట్లేదో తెలుసా అని అమ్మ కోప్పడ్తది, నేను ఇది తింటే వాళ్లకు ఎట్ల అందుతది?" అని. రెండు మాటల్లో చెప్పే సంగతి కాదు, అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నా.

అందదు బిడ్డా. నువ్వన్నది నిజమే. కడుపు నిండినాక బలవంతంగా మింగిన నాలుగు ముద్దలు ఎవరి ఆకలీ తీర్చవు. ఒకసారి కంచంలో పడి ఎంగిలైన అన్నాన్ని ఇంకొకరికి పెట్టలేం. అదే అన్నం గిన్నెలో ఉన్నప్పుడైతే రాత్రికి దాచుకోవచ్చు, పక్కింట్లో ఇవ్వొచ్చు. ఇంకా వండకుండా బియ్యం డబ్బాలోనే ఉంటే నెలల తరబడి ఉంటుంది. ఒక్కో మెట్టు దాటినకొద్దీ దాన్ని కాపాడే దారులు తగ్గిపోతుంటాయి. అందుకే నేను మిమ్మల్ని కంచం ఖాళీ చెయ్యమని పీడించను. పెట్టుకునే ముందు, ఇంకా చెప్పాలంటే పొయ్యి మీద ఎసరు పెట్టే ముందే ఆలోచించమంటాను.

ఇది మన ఇంటి ముచ్చటే కాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2022 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని చెత్తలో కలిపాయట, అంటే జనం చేతికి అందే ఆహారంలో దాదాపు 5వ వంతు. ఆ ఏడాది ఆకలితో ఉన్నవాళ్లేమో 78 కోట్ల మంది దాకా అని ఆ నివేదిక లెక్క. పారేసిన దాంట్లో 60 శాతం ఇళ్ల నుంచి పోయిందే. హోటళ్లదీ పెళ్లిళ్లదీ ఎక్కువ అనుకుంటాం కదా, అన్నీ కలిపి చూస్తే మన వంటిళ్లే ముందున్నాయి. మన దేశంలో ఇంటి లెక్క మనిషికి ఏడాదికి 55 కిలోలు. ఇందులో తొక్కలు, బొక్కలు కూడా ఉన్నాయి, నిజమే, కానీ నలుగురున్న ఇంటికి 220 కిలోలు అంటే 25 కిలోల బస్తాలు దాదాపు 9 అవుతాయి. ధనిక దేశాలవాళ్లే పారేస్తారు, మనం పొదుపరులం అనే మాట కూడా నిలబడదు. ఇళ్ల వరకు చూస్తే వాళ్లకూ మనలాంటి మధ్యస్థ ఆదాయమున్న దేశాలకూ మధ్య తేడా సగటున మనిషికి 7 కిలోలేనని ఆ నివేదికలోనే ఉంది.

ఇదంతా దుకాణానికి వచ్చినాక పోయేది. రాకముందు పోయేది వేరే ఉంది. కోత నుంచి దుకాణం దాకా నడుమ మరో 13 శాతం పోతుందని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. ఆ నడుమ ఏముందో తెలియాలంటే ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి దిక్కు రావాలి. యాసంగి వరి కోతకొస్తుంది, మిషన్ కోసిన వడ్లలో పచ్చి ఎక్కువుంటుంది, తేమ 17 శాతానికి దిగితేగానీ కొనుగోలు కేంద్రంలో తూకం వెయ్యరు, కాబట్టి రైతులు కల్లాల్లో, జాగ లేక రోడ్ల మీద ఆరబోస్తారు, సరిగ్గా అప్పుడే గాలివాన వస్తుంది. పరదాలు కప్పినా కింది నుంచి నీళ్లు చేరి కుప్ప అడుగున మొలకలొస్తాయి. నాలుగు నెలల కష్టం అట్లా చేతుల్లో మొలకెత్తుతుంటే రైతు ముఖం చూడలేం. టమాటకు ధర పడిపోయినప్పుడైతే తెంపిన కూలి, బండి కిరాయి కూడా రావని చేన్లోనే వదిలేస్తారు. ఈ నష్టాన్ని మీరు ఆపలేరు, ఆరబెట్టే యంత్రాలు, గోదాములు, శీతల గిడ్డంగులు కావాలి, అది పెద్దల పని, ప్రభుత్వాల పని. మీరు పెద్దయినాక అడగాల్సిన సంగతి కాబట్టి చెప్తున్నా.

బియ్యంతో పాటు ఇంకేం పోతుందో కూడా చూడండి. కిలో బియ్యం పండడానికి సుమారు రెండున్నర వేల లీటర్ల నీళ్లు పడతాయి. ఆ నీళ్లు మన దగ్గరికి ఊరికే రావు. దేవాదుల దగ్గర గోదావరి నుంచి పెద్ద పెద్ద మోటార్లతో ఎత్తిపోస్తేనే మన దగ్గరి ధర్మసాగర్ జలాశయానికి చేరుతున్నాయి. బోరు కింద పండించేవాళ్లది ఇంకో కష్టం. మీరు గిన్నెడు అన్నం పారబోస్తే ఆ నీళ్లు, ఆ కరెంటు, నాటు వేసిన అమ్మల నడుము నొప్పి అన్నీ పోయినట్టే. ఆ తర్వాత డంపింగ్ యార్డులో గాలి ఆడని కుప్పల కింద కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

మా చిన్నప్పుడు వాకిట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే, పొద్దుగూకితే బర్రె తాగేది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెడితే తెల్లారి సద్దన్నం, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాళ్లం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో బర్రె లేదు, గోలెం లేదు, ఫ్రిజ్ ఒక్కటే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతాం, వారానికి తీసి పారేస్తాం. నా మాట వినండి, మిగిలినవి ముందు అరలో కంటికి కనబడేటట్టు పెట్టండి, వండిన రెండు గంటల్లోపే పెట్టండి, కొత్తది వండే ముందు అవి తినండి. ప్యాకెట్ల మీద ఎక్స్‌పైరీ, యూజ్ బై అని ఉంటే ఆ తేదీ దాటినాక తినొద్దు. బెస్ట్ బిఫోర్ అనేది రుచికీ తాజాదనానికీ సంబంధించింది, ఆ తేదీ దాటిన మర్నాడే బిస్కెట్ ప్యాకెట్ విషమైపోదు.

కొన్ని దేశాలు చట్టంతోనే మొదలుపెట్టాయి. ఫ్రాన్స్‌లో 2016 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని మంచి ఆహారాన్ని పాడు చేసి పారేయకూడదు, సేవా సంస్థలకు ఇవ్వాలి. దక్షిణ కొరియాలో 2005లోనే తిండి వ్యర్థాలను చెత్తకుప్పల్లో పూడ్చడం ఆపేశారు, 2013 నుంచి ఎవరు ఎంత పారేస్తే అంత డబ్బు కట్టాలి. బరువు తూచి బిల్లు వేస్తే ఎవరికైనా కొలత గుర్తుకొస్తుంది. నాకు ఈ పద్ధతే నచ్చింది.

ఇక మన ఫంక్షన్ల సంగతి. ఇందులో తప్పు పిల్లలది కాదు, మాది. ఐదు వందల మంది వస్తారని తెలిసినా ఎనిమిది వందల మందికి చెప్తాం, అన్నం తక్కువైతే పరువు పోతుందని టెన్షన్. బగారా అన్నం గంగాళాల్లో మిగిలిపోతుంది, సాయంత్రం దాకా ఎండలో ఉన్నాక ఎవరికి ఇవ్వాలా అని వెతుకుతాం, అప్పటికి అది ఎవరికీ పెట్టేటట్టు ఉండదు.

వచ్చే నెల మీ అత్త కొత్తింటి గృహప్రవేశం ఉంది కదా. ఈసారి ఆ లెక్క మీ చేతికి ఇవ్వాలనుకుంటున్నా. పిలిచినోళ్లందరికీ మూడు రోజుల ముందు ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో రాసుకునే పని పెద్దదానిది. వడ్డించేవాళ్లకు చిన్న గరిటెలు ఇచ్చి, "అడిగినోళ్లకే మళ్లీ పెట్టండి" అని చెప్పే పని నడిపోడిది. చిన్నోడు నాతో పాటు దగ్గరలోని అనాథాశ్రమానికి వచ్చి, మిగిలితే మధ్యాహ్నం రెండింటికల్లా తెస్తాం, తీసుకుంటారా అని ముందే అడిగి వస్తాడు. వంటాయనకు ఎంతమంది అని నేను చెప్పేది మీ లెక్క చేతికొచ్చినాకే.

ఉంటాను,
మీ తాత
హనుమకొండ