గ్లాసులు కొనబోతున్న పిల్లలకి తాతయ్య ఉత్తరం

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అరుస్తుంటే నాకు అర్థమైందల్లా ఏంటంటే, మీ ఫ్రెండ్స్ 12 మంది ఇంటికి వస్తున్నారు, అమ్మ ఏర్పాట్లన్నీ మీకే వదిలేసింది, చిన్నీకేమో పొడుగు కాడ ఉన్న గ్లాసులు కావాలి, బుజ్జిగాడికేమో రంగు గ్లాసులు కావాలి, ఎందుకు కావాలంటే మాత్రం ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఫోన్లో చెప్తే సగమే వింటారు కాబట్టి రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, విసుక్కోకుండా చదవండి.

ముందు నా బుద్ధితక్కువ సంగతి చెప్తా. పెళ్ళైన కొత్తలో నేను ఓ షాపులో లైటు కింద మెరిసిపోతున్న సెట్టు చూసి ఆగలేక కొనేశా, ఆరు గ్లాసులు, ఊదితే ఎగిరిపోయేంత పల్చన, పెన్సిల్ కన్నా సన్నటి కాడ. ఇంటికొచ్చిన వాళ్ళకి గొప్పగా అందులోనే జ్యూస్ పోసిచ్చాం. ఒకాయన ఆ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నాడు పాపం, కింద పెడితే ఎక్కడ పడిపోతుందోనని. ఒకావిడ మాట మధ్యలో ఆపి ఆపి వాళ్ళ పిల్లాడిని "ముట్టుకోకు, ముట్టుకోకు" అంటూనే ఉంది. వాళ్ళు వెళ్ళాక మీ అమ్మమ్మ ఏమందంటే, "వాళ్ళు జ్యూస్ తాగలేదండీ, మన గ్లాసులకి కాపలా కాసి వెళ్ళారు" అంది. ఆర్నెల్లు తిరక్కుండా నాలుగు పగిలాయి, ఒక్కటి కూడా తాగేటప్పుడు కాదు, అన్నీ కడిగేటప్పుడే. మిగిలిన రెండూ ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి, మీరు చూసే ఉంటారు.

అందుకే మీరు షాపుకి వెళ్ళేముందు నాకు మూడింటికి జవాబు చెప్పాలి. అందులో ఏం పోస్తారు, ఎవరు పట్టుకుంటారు, తర్వాత ఎవరు కడుగుతారు. కడిగేది అమ్మ అని మాత్రం చెప్పకండి.

ఏం పోస్తారు అన్నదాంట్లో మొదట తేల్చుకోవాల్సింది వేడిదా చల్లదా అని. మామూలు గాజు అంటే ఇసుక, సోడా, సున్నం కలిపి కొలిమిలో కరిగించింది, బరువులో దాదాపు 70 శాతం ఇసుకలోని సిలికానే. దాంట్లో మరిగే కాఫీ పోస్తే లోపలి గోడ గబుక్కున సాగుతుంది, బయటి గోడకి ఇంకా ఆ వేడి కబురే అందదు, ఒకటి సాగుతా అంటుంది ఇంకోటి కుదరదంటుంది, ఆ లాగులాటలో గ్లాసు చిట్లుతుంది. అందుకే మందంగా ఉన్న గ్లాసు గట్టిది, వేడికి ఆగుతుంది అనుకోవడం తప్పు, ఈ విషయంలో మందం ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం. వేడివి పోయాలంటే బోరోసిలికేట్ గాజు తీసుకోండి, 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఒట్టో షాట్ అనే ఆయన తయారుచేశాడు, అది వేడికి సాగేది మామూలు గాజు సాగేదాంట్లో సుమారు మూడో వంతే.

ఇది వంటింట్లోకి వచ్చిన కథ నాకు భలే ఇష్టం. అమెరికాలో కార్నింగ్ అనే గాజు కంపెనీలో జెస్సీ లిటిల్‌టన్ అని ఒకాయన పనిచేసేవాడు, 1913లో వాళ్ళావిడ బెస్సీ వంటపాత్ర పగిలిపోతే, మీ ఫ్యాక్టరీలో వేడికి పగలని గాజు ఉందంటావు కదా, ఏదీ పట్రా అందిట. ఆయన బ్యాటరీలకి వాడే గాజు జాడీల అడుగు భాగం కోసి తెస్తే ఆవిడ అందులో కేకు వండి చూపించింది. 1915లో పైరెక్స్ అని అమ్మకానికి వచ్చింది అదే. అయితే పేరు చూసి మోసపోకండి, అమెరికాలో ఇప్పుడు ఆ పేరుతో అమ్మే వంటింటి గాజు చాలావరకు బోరోసిలికేట్ కాదు, మామూలు గాజునే టెంపర్ చేసింది. డబ్బా మీద బోరోసిలికేట్ అని రాసుందో లేదో చదవండి. రెండు పొరల గ్లాసులు కూడా చూస్తారు షాపుల్లో, లోపల డ్రింకు గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది, చెయ్యి కాలదు, చల్లదైతే బయట చెమట పట్టదు, బాగానే ఉంటాయి కానీ లోపలి పొర పల్చన, చెంచా పెట్టి టకటకా తిప్పితే గోవిందా. 12 మంది పిల్లలకి వద్దు.

టెంపర్డ్ అంటే ఏంటని అడుగుతాడు బుజ్జిగాడు, చెప్తా. గ్లాసుని 600 డిగ్రీలు దాటించి వేడిచేసి పైన చల్లగాలి కొడతారు. పై పొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది తర్వాత నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుంటూ పై పొరని లోపలికి లాగుతుంది. అలా నాలుగు వైపుల నుంచీ నొక్కిపట్టినట్టున్న పై పొర మీద పగులు పుట్టడం కష్టం. ఒకవేళ పగిలినా పొడుగాటి కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న ముక్కలవుతుంది. 1945 నుంచీ ఫ్రాన్స్‌లో డ్యురలెక్స్ వాళ్ళు ఇలాంటివే చేస్తున్నారు, అక్కడి స్కూళ్ళ భోజనాల గదుల్లో పిల్లలు తాగింది వీటిల్లోనే. స్కూలు పిల్లల చేతుల్లో బతికిన గ్లాసు మీ ఫ్రెండ్స్ చేతుల్లో బతకదా? నన్నడిగితే మీకు కావాల్సింది ఇదే, కాడ లేనిది, అడుగు కాస్త బరువున్నది, 300 మిల్లీలీటర్లు పట్టేది.

చిన్నీ, అలగకు, నీ కాడ గ్లాసుకి కూడా అర్థం లేకపోలేదు. కాడ పట్టుకుంటే చేతి వేడి డ్రింకుకి తగలదు, ఐస్ లేకుండా చల్లగా తాగేవాటికి అది పెట్టిన సౌకర్యం. అలాగే పైన మూతి కాస్త లోపలికి వంగి ఉంటే వాసన లోపలే నిలబడి తాగేటప్పుడు ముక్కుకి అందుతుంది, రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే మరి, జలుబు చేసినప్పుడు తెలుస్తుంది కదా. కానీ మీరు పోసేది ఐస్ వేసిన జ్యూసూ సోడానూ, పైగా నిలబడి తిరుగుతూ తాగుతారు, దానికి ఆ కాడతో పనేముంది చెప్పు.

సోడాకి సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసే మంచిది, మూతి వెడల్పైతే గ్యాస్ తొందరగా పోతుంది. బుడగలు ఎక్కడి నుంచి పుడతాయో ఎప్పుడైనా చూశారా, గ్లాసు గోడకి అంటుకున్న గుడ్డ పీచు దగ్గరో చిన్న గీత దగ్గరో ఇరుక్కున్న గాలి దగ్గర మొదలవుతాయి, ఒకే చోటి నుంచి దారం కట్టినట్టు పైకి వస్తుంటాయి. అందుకే పీచు ఊడే తువ్వాలుతో తుడిచిన గ్లాసులో పోస్తే బుస్సుమని పొంగి కాసేపటికే చప్పబడిపోతుంది. సీసా బాగా చల్లబరిచి, గ్లాసు కొంచెం వంచి గోడ వెంట పొయ్యండి.

ఇంకోటి, ఎవరికెంత పోశారన్న గొడవ. పొడుగు గ్లాసులో ఎక్కువున్నట్టు కనిపిస్తుంది, వెడల్పు గ్లాసులో తక్కువున్నట్టు కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే అనే ఆయన ఈ పోయడంతోనే పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో పరీక్షించాడు, వాళ్ళ కళ్ళ ముందే ఒక గ్లాసులోది సన్న గ్లాసులోకి మారిస్తే చిన్నపిల్లలు ఇందులోనే ఎక్కువుంది అంటారు. మీరిద్దరూ చిన్నప్పుడు దీనికే జుట్లు పట్టుకున్నారు, నాకు బాగా గుర్తుంది. అందుకని అందరికీ ఒకే రకం, ఒకే సైజు. 12 మందికి 16 కొనండి, మీరిద్దరూ ఉన్నారు, రెండు ఎక్స్‌ట్రా ఉండాలి. విడిగా ఒక్కొక్కటి దొరికే మోడలైతే మరీ మంచిది, రేపు రెండు పగిలితే సెట్టంతా మార్చక్కర్లేదు.

షాపులో గ్లాసుని చూడ్డం కాదు, పట్టుకోవాలి. నీళ్ళు నిండితే దానికి ఇంకో పావుకిలో పైనే బరువు చేరుతుంది, అది ఊహించుకోండి. అంచు మీద వేలు తిప్పండి, మంటకి కరిగించి నున్నగా చేసిన అంచు పల్చగా ఉన్నా గరుకు తగలదు, చవకవాటికి పెదవికి అడ్డం తగిలే లావు చుట్టు ఉంటుంది, చిన్నపిల్లలైతే ఆ లావుదే నయం, అంచు తొందరగా చెక్కు లేవదు. చదునైన చోట పెట్టి ఊగుతుందేమో చూడండి. ఒకదాంట్లో ఒకటి పెట్టుకునేదైతే లోపల ఆనడానికి గట్టు ఉందో లేదో చూడండి, లేకపోతే ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నా బలంగా లాగొద్దు, లోపలి గ్లాసులో చల్లనీళ్ళు పోసి బయటి గ్లాసుని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే లోపలిది ముడుచుకుని బయటిది సాగి వదులవుతుంది. మరుగునీళ్ళు పెట్టారో పైన చెప్పిన కాఫీ కథే.

వేలితో మీటితే టింగుమని చాలాసేపు మోగేది క్రిస్టల్. పాత క్రిస్టల్లో సీసం ఉంటుంది, సీసా కాదు, సీసం అనే లోహం. 1674లో ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ క్రిస్టల్ గాజుకి పేటెంట్ తీసుకున్నాడు, యూరప్ రూల్స్ ప్రకారం లెడ్ (అంటే సీసమే) క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉండాలి. అందుకే ఆ బరువు, ఆ మెరుపు. పుల్లటి జ్యూసులు అందులో నిలవుంటే సీసం కొద్దికొద్దిగా దిగుతుంది, పిల్లలకి అది అసలు మంచిది కాదు. అటక మీద పాత క్రిస్టల్ జగ్గు దొరికిందని సంబరపడి వాడకండి, ఇప్పుడు సీసం లేని క్రిస్టల్ వస్తోంది, కావాలంటే అది తీసుకోండి. రాగి మగ్గులు కూడా ఫోటోల్లో బావుంటాయి కానీ నిమ్మరసం లాంటి పులుపు రాగిని కరిగిస్తుంది, లోపల స్టీలు పూత ఉన్నవైతేనే.

ఇక మిగతా సామాను. షాపువాడు ఒక పెట్టె చూపిస్తాడు, 20 రకాలుంటాయి అందులో, మీకు పనికొచ్చేవి అయిదు. రెండు జగ్గులు, లెక్క చెప్తా చూడండి, మీతో కలిపి 14 మంది, తలా రెండు గ్లాసులు, ఐస్ పోగా గ్లాసుకి 200 మిల్లీలీటర్లు, మొత్తం 5 లీటర్ల 600. లీటరున్నర జగ్గు ఒక్కటే ఉంటే నాలుగుసార్లు వంటింటికి పరుగెత్తాలి. అలాగని కుళాయి ఉన్న పెద్ద జాడీ కొనాలనిపిస్తే ముందు దాని కుళాయి కింద మీ గ్లాసు పడుతుందో లేదో చూడండి, నేను చూడకుండా కొని ఇటుకల మీద ఎక్కించాల్సొచ్చింది, పైగా గుజ్జున్న జ్యూస్ పోస్తే కుళాయి మూసుకుపోతుంది, అడుగున మిగిలింది జాడీ వంచితే తప్ప రాదు.

ఐస్‌కి మూతున్న బకెట్టూ పట్టకారూ. గ్లాసుతో ఐస్ ముంచి తీసుకోవడం మాత్రం మన ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు, అంచు చిన్నముక్క ఊడి ఐస్‌లో పడితే కంటికి కనపడదు. అనుమానం వచ్చినా సరే బకెట్టంతా పారబొయ్యండి. ఐస్ ట్రే పెద్ద గడులది కొనండి, ఎందుకంటే 4 సెంటీమీటర్ల ముక్క ఒకటీ, 2 సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిదీ, ఐస్ అంతే, కానీ చిన్నవాటికి నీళ్ళు తగిలే ఉపరితలం కలిపితే 192 చదరపు సెంటీమీటర్లు, పెద్దదానికి 96. పెద్దది నెమ్మదిగా కరుగుతుంది, జ్యూస్ నీళ్ళవదు.

కోస్టర్లు, అంటే గ్లాసు కింద పెట్టే బిళ్ళలు. గ్లాసు బయట పట్టే చెమట లోపలి నీరు కారడం కాదు, గాల్లో ఉన్న ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. నున్నటి ప్లాస్టిక్ కోస్టర్ ఆ తడికి గ్లాసు అడుగుకి అంటుకుని పైకి లేస్తుంది, సగం దారిలో ధడేల్‌మని పడుతుంది, ఎవరి ఒళ్ళోనో. కార్క్‌వి కొనండి, అవి అలా అంటుకోవు.

స్ట్రాల్లో మెడ వంగేది ఎలా పుట్టిందంటే, 1930ల్లో అమెరికాలో జోసెఫ్ ఫ్రీడ్‌మన్ అని ఒకాయన తన చిన్న కూతురు ఎత్తైన బల్ల దగ్గర నిటారు స్ట్రాతో తాగలేక అవస్థ పడుతుంటే చూశాడు, కాగితం స్ట్రాలో ఒక మర మేకు దూర్చి, ఆ మేకు గాడుల వెంట పైనుంచి దారం బిగించి చుడితే మడతలు పడ్డాయి, 1937లో పేటెంట్ వచ్చింది. ఒక్క పిల్ల ఇబ్బంది చూసి చేసిన వస్తువు, నాకు ఈ సామాను మొత్తంలో అదంటేనే గౌరవం. స్టీలు స్ట్రాలు కొంటే బ్రష్ కూడా కొనండి, అవి నోట్లో పెట్టుకుని ఎవరూ నడవొద్దు, పరుగులసలే వద్దు.

బుజ్జీ, నీ రంగుల సంగతి మర్చిపోలేదు. రంగు గ్లాసులో ఏం పోసినా బురదలా కనిపిస్తుందిరా, లోపలి జ్యూస్ రంగు చచ్చిపోతుంది. గ్లాసు రంగు లేనిదే ఉంచి, ఒక్కోదాని అడుగున ఒక్కో రంగు రబ్బరు బ్యాండు వెయ్యి, పద్నాలుగు రంగులు దొరక్కపోతే రెండేసి కలుపు. నా గ్లాసేదీ అని వెతుక్కుంటూ అరగంటకోసారి కొత్త గ్లాసు తీసేవాళ్ళ బాధ కూడా తప్పుతుంది.

కడిగేటప్పుడు సింకులో ఒక పాత తువ్వాలు పరవండి. బోర్లించి దాచకండి, అన్నిటికన్నా బలహీనం అంచే, బరువు దాని మీద పడకూడదు. తెల్లటి పొర కడితే వెనిగర్‌తో రుద్దండి, పోతే అది నీళ్ళ ఉప్పు, పోకపోతే గాజే అరిగిందని, ఇంక పోదు. ఏదైనా పగిలితే చేత్తో ముట్టుకోకుండా అమ్మని పిలవండి, పెద్ద ముక్కలు తీశాక లైటు ఆపి టార్చి నేల మీద పడుకోబెట్టి వేస్తే మిగిలిన పలుకులు మెరుస్తాయి, తడి కాగితం అద్ది తీసెయ్యాలి.

కొన్నాక రెండు రోజులు ముందే మీరిద్దరూ వాటిల్లో మంచినీళ్ళు తాగి చూడండి. ఆ బీరువాలో ఉన్న రెండు కాడ గ్లాసులు మాత్రం చిన్నీకి ఇచ్చేస్తున్నా, ఒకటి నాకూ ఒకటి తనకీ, అందరూ వెళ్ళిపోయాక కూర్చుని తాగుదాం, కడగడం నేనే కడుగుతా.

మీ తాతయ్య