స్కిజోఫ్రీనియా, చిన్ననాటి గాయాలు, ఆత్మహత్య ఆలోచనలు: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో సైకియాట్రిస్ట్‌ని. స్కిజోఫ్రీనియా అంటే ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు. అది ఉన్న అబ్బాయిని ఓపీకి తీసుకొచ్చిన ఇంట్లోవాళ్లు ఎక్కువగా "రెండేళ్ల కింద దాకా మంచిగనే ఉండె సార్" అని మొదలుపెడతారు. అంతకుముందు, బడి రోజుల్లో ఏం జరిగిందో అతన్ని ఎవరూ అడిగి ఉండరు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగి ఉండరు.

అపోహ: చిన్నప్పటివి పిల్లలు మర్చిపోతారు. ఈ జబ్బుకీ వాటికీ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. చాలా అధ్యయనాలను కలిపి 2012లో చేసిన ఒక విశ్లేషణలో, చిన్నతనంలో దెబ్బలు, లైంగిక వేధింపులు, నిర్లక్ష్యం, బడిలో ఏడిపించడం లాంటివి అనుభవించినవాళ్లకు సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియకుండా పోయే స్థితి, స్కిజోఫ్రీనియా ఈ కోవలోదే) వచ్చే అవకాశం దాదాపు 3 రెట్లు ఎక్కువని తేలింది. అలాగని ప్రతి పేషెంట్ వెనకా ఇలాంటి కథ ఉండదు. వేధింపులకు గురైన పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు కూడా. వంశపారంపర్యం, గంజాయి లాంటి కారణాలూ తోడవుతాయి.

"అంటే మా పెంపకం వల్లేనా?" అని తల్లులు ఏడుస్తారు. కాదమ్మా. వేధించింది మీకు తెలియకుండా ఏ హాస్టల్ సీనియరో, దగ్గరి బంధువో అయి ఉండొచ్చు. తప్పు ఎవరిదో తేల్చడానికి మేం అడగం. అలాంటి గాయం ఉన్న పేషెంట్లలో డిప్రెషన్, ఆత్మహత్యాయత్నాలు ఎక్కువ కాబట్టి అడుగుతాం.

అపోహ: మందులతో చెవిలో మాటలు తగ్గాయి, ఇక భయం లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ భయం వేసేది ఈ మాట విన్నప్పుడే. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతారు. జబ్బు మొదలైన తొలి ఏళ్లలో, డిశ్చార్జ్ అయిన తర్వాతి వారాల్లో ప్రమాదం ఎక్కువ. 'చచ్చిపో' అని వినిపించే మాటలను తేలిగ్గా తీసుకోకూడదు, నిజమే. కానీ చాలామందిని కుంగదీసేది నిరాశ. కాస్త కుదుటపడ్డాకే బీటెక్ మధ్యలో ఆగిపోయిందని, తోటివాళ్లు అమీర్‌పేటలో కోర్సులు చేసి ఉద్యోగాల్లో చేరిపోయారని అతనికి అర్థమవుతుంది. "నువ్వెందుకూ పనికిరావు" అని వింటూ పెరిగినవాడైతే, ఆ మాటే నిజమైందనుకుంటాడు. బయటికి మాత్రం నెమ్మదస్తుడిలా కనిపిస్తాడు.

అందుకే డిశ్చార్జ్ తర్వాతి మొదటి రివ్యూ మానకండి. మందులు ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి, సొంతంగా ఆపకూడదు. స్కిజోఫ్రీనియాలో ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించడానికి క్లోజపిన్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో ప్రత్యేకంగా అనుమతించింది. దానికి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు కావాలి. ఆ టెన్షన్‌తోనే వద్దనేయకండి, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టే.

వాస్తవం: అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. "బతకాలని అనిపించట్లేదా నాన్నా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. తలమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకోవద్దు, ఒట్టు ఎవరినీ కాపాడదు. ఔనంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి.

చిన్నప్పటి సంగతులు మాత్రం ఇంట్లో గుచ్చిగుచ్చి అడగకండి. మేమైనా మనిషి తేరుకున్నాక, ఇంట్లోవాళ్లను బయట కూర్చోమని చెప్పి అడుగుతాం. చెప్పడం ఇష్టం లేదంటే ఆపేస్తాం. శిక్షణ ఉన్న సైకాలజిస్ట్ దగ్గరైతే, ఆ గాయాలకు చేసే థెరపీ సైకోసిస్ ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

అపోహ: ఆస్పత్రికి వెళ్తే పోలీసు కేసవుతుంది.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 'ఎర్రగడ్డ' అనే పేరును మన ఊళ్లో తిట్టులా వాడతారు. ఆ మాటకు జంకి ఆలస్యం చేసిన కుటుంబాలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడి ప్రభుత్వ మానసిక ఆస్పత్రికి వెళ్లినంత మాత్రాన అడ్మిట్ చేసేసుకోరు. ఓపీలో చూపించుకుని ఇంటికెళ్లేవాళ్లే ఎక్కువ. రాత్రిపూట ఎటూ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేషెంట్ ఫోన్ పట్టుకోనంటే మీరే చేయొచ్చు.