పగడం బతికినా దిబ్బ పెరగకపోతే

తమిళనాడు, శ్రీలంకల మధ్యనున్న మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా చెన్నైలోని తెలుగు మిత్రుల మధ్య ఒక ప్రశ్న లేస్తుంది. సముద్రం ఆమ్లీకరణ చెందితే పగడాలు నశిస్తాయంటున్నారు, మరి పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దీవుల్లో సహజంగానే ఆమ్లత ఎక్కువున్న నీళ్లలో పగడాలు కళకళలాడుతున్నాయి కదా అని. ఆ మాట నిజమే. అయితే పూర్తి కథ తెలుసుకోకుండా దాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉండటం ప్రమాదం.

ఇక్కడ ఆమ్ల జలం అంటే పుల్లని నీరని అర్థం చేసుకోకూడదు. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు. సముద్ర ఉపరితలపు పీహెచ్ పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉండేది, ఇప్పుడు 8.1కి దిగింది. చూడటానికి చిన్న తేడానే, కానీ హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగినట్టు లెక్క. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుని కార్బానిక్ ఆమ్లంగా మార్చుకుంటుంది. దాని నుంచి వెలువడే హైడ్రోజన్ నీటిలోని కార్బోనేట్‌ను పట్టేస్తుంది. పగడపు జీవి తన సున్నపు గూడు కట్టుకోవడానికి కావలసింది ఆ కార్బోనేటే. లేమిలోనూ అది కట్టుకోగలదు, కానీ అందుకు ఎక్కువ శక్తి ఖర్చుపెట్టాలి.

1990ల చివర్లో శాస్త్రవేత్తలు ఈ ముప్పును గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. వారి ఆధారాల్లో ఎక్కువ భాగం నీటి తొట్టెల్లో చేసిన ప్రయోగాలు. కొన్ని నెలల్లో ముగిసే ప్రయోగం తరతరాలుగా అదే నీటిలో బతికిన పగడాల గురించి ఏం చెప్పగలదన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే వారు ప్రకృతే ఈ ప్రయోగం చేస్తున్న చోట్లను వెతుక్కుంటూ వెళ్లారు.

పపువా న్యూ గినీలోని మిల్న్ బే వద్ద సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం పీహెచ్ 7.8 దగ్గర కూడా పగడాలు పరుచుకున్న విస్తీర్ణం పెద్దగా తగ్గలేదు. పైపైన చూసేవారికి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ చేపపిల్లలకు ఆశ్రయమిచ్చే కొమ్మల పగడాలు తగ్గిపోయి, బండల్లా పెరిగే పోరైటిస్ జాతి పగడాలు ఆ స్థలాన్ని ఆక్రమించాయి. 7.7 కంటే దిగువన దిబ్బ ఏర్పడటమే ఆగిపోయింది. మెక్సికోలోని ప్యూర్టో మొరెలోస్ వద్ద సముద్రం అడుగున ఊరే, ఆమ్లత ఎక్కువున్న నీటి ఊటల పక్కన జీవితమంతా గడిపిన పగడాల్లోనూ సున్నపు సాంద్రత తక్కువగానే ఉంది. అలవాటు పడితే సరిపోతుందన్న ఆశకు ఇది గట్టి దెబ్బ.

ఇక పలావు. అక్కడి నిక్కో అఖాతం లాంటి చోట్ల నీరు చాలాకాలం నిలిచి ఉండటం వల్ల, జీవుల శ్వాస వల్ల, పగడాలు సున్నం కట్టడం వల్ల కూడా పీహెచ్ 7.8 దరిదాపులకు దిగుతుంది. అయినా అనేక జాతుల పగడాలు దట్టంగా ఉన్నాయని 2014లో తేలింది. మన మిత్రులు చెప్పేది దీని గురించే. మరుసటి ఏడాది వచ్చిన అధ్యయనం గురించి ఎవరూ మాట్లాడరు. పీహెచ్ తగ్గేకొద్దీ పురుగులు, ఆల్చిప్పలు, స్పాంజీలు పగడపు అస్థిపంజరాన్ని తొలిచేయడం 11 రెట్లు పెరిగిందని అది చూపింది. పగడం బతికే ఉంది, దాని ఇల్లు మాత్రం గుల్లబారుతోంది.

ఇల్లు గుల్లబారితే ఏమవుతుందో పసిఫిక్‌లోని గలాపగోస్ దీవుల్లో కనిపించింది. అక్కడ లోతుల నుంచి ఉబికివచ్చే నీరు సహజంగానే కార్బన్ డయాక్సైడ్‌తో నిండి ఉంటుంది. అందువల్ల దిబ్బ ముక్కలను అతికించే సున్నపు బంధం బలహీనం. పసిఫిక్ నీరు అసాధారణంగా వేడెక్కే ఎల్‌నినో 1982–83లో వచ్చినప్పుడు ఆ వేడికి పగడాలు చనిపోయాక, సుమారు పదేళ్లలో దిబ్బలు గులకగా, ఇసుకగా రాలిపోయాయి.

మన్నార్ సింధుశాఖ ఈ కోత రుచిని మరో రూపంలో ఎప్పుడో చూసింది. తూత్తుకుడి, రామేశ్వరం మధ్యనున్న 21 దీవుల చుట్టూ దశాబ్దాల పాటు సున్నం కోసం పగడాలను తవ్వుకుపోయారు. విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి దీవులు నీట మునిగాయి. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చాక గానీ తవ్వకం అదుపులోకి రాలేదు. ఆ తర్వాత 2010, 2016 వేసవుల్లో వేడికి పగడాలు రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. ఆమ్లీకరణ వీటన్నిటి మీద వచ్చి పడుతున్న భారం.

కాబట్టి మన్నార్ దిబ్బల గురించి ఏ నివేదిక వచ్చినా, సజీవ పగడాల శాతం ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. దిబ్బ ఏటా ఎంత సున్నం కట్టుకుంటోంది, ఎంత పోగొట్టుకుంటోంది అన్న రెండు లెక్కలనూ అడగాలి. తీర జలాల నాణ్యతను పరిశీలించే జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం చెన్నై పళ్లికరణైలోనే ఉంది. ఆ లెక్కలు ఏటా ప్రజల ముందుకు రావాలని కోరడం ఈ నగరవాసులుగా మన హక్కు.